మీరు వేసిన ముడి

పిన్నీ,

"నా కూతుర్ని వదిలేసి నువ్వెలా తప్పించుకున్నావే?" అని అడిగి ఫోన్ పెట్టేశారు. జవాబు చెప్పనివ్వలేదు కనుక రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను.

మేమిద్దరం వీపున తగిలించుకునే బ్యాగుల్ని బట్టలారేసే తాడుతో కలిపి కట్టింది మీరే. "కొత్త దేశం. ఎవడైనా ఒకటి లాగితే రెండోది ఆపుతుంది" అన్నారు. ఇక్కడ ఆ తాడు చూసి నవ్వనివాళ్లు లేరు. విప్పేద్దామంటే మీ అమ్మాయి ఒప్పుకోలేదు. "అమ్మ వేసిన ముడి, ఉండనీవే" అంది.

కోట చూసి దిగుతుంటే బైకు మీద ఇద్దరొచ్చి దాని బ్యాగు లాగారు. పట్టీ బైకుకు చిక్కుకుపోయింది. మీ అమ్మాయి వెల్లకిలా పడింది, తాడు లాగేసరికి వెనకే నేను బోర్లా పడ్డాను. రాళ్ల రోడ్డు మీద ఇద్దర్నీ ఈడ్చుకుపోయారు. నా మోచేతుల చర్మం ఒలిచినట్టు లేచిపోయింది. దాని తల రాళ్ల మీద ఎగిరెగిరి పడుతోంది. వెనక కూర్చున్నవాడు దాని ముఖం మీద బూటుకాలితో తన్నుతూనే ఉన్నాడు.

అది జేబులోంచి పండ్లు కోసే చాకు తీసింది. పట్టీ కోసుకుంటుందనుకున్నాను. "కోసెయ్యవే!" అని అరిచాను. అది నావైపే చూస్తూ తాడు కోసింది. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. బైకు దాన్ని మలుపు దాకా లాక్కెళ్లి గోడకేసి కొట్టింది.

ఆసుపత్రిలో అది ఇంకా కళ్లు తెరవలేదు. త్వరగా రండి. నన్ను ఎంతైనా తిట్టండి, దాని మంచం పక్కన మాత్రం వద్దు.

తెగిన తాడు నా బ్యాగుకు ఇంకా వేలాడుతోంది. ముడి విప్పడం నావల్ల కావడం లేదు. మీరే వచ్చి విప్పండి.