నర్సమ్మ గులాబీ ఎవరి దగ్గరుంటే వారికి

కింద సంతకం చేసిన నేను, వయసు డెబ్బై ఒకటి, తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నా స్వార్జిత ఆస్తి విషయమై ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించి జతపరిచాను. ఆయన నవ్వుతూ రాశాడు. నవ్వు లెక్కలోకి రాదు. పేజీలు మార్చేయడం తేలిక కాబట్టి ప్రతి పేజీ అడుగునా సంతకం చేశాను.

రెండేళ్ళ కిందట రాసిన వీలునామాను రద్దు చేస్తున్నాను. అందులో ముగ్గురిని దొంగలని రాశాను. ఆ మాట ఎందుకు వెనక్కి తీసుకుంటున్నానో ఆరో అంశంలో ఉంది.

1. ఈ వీలునామా అమలు బాధ్యత వీధి చివర మందుల షాపాయనకు అప్పగిస్తున్నాను. ఆయన మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. పువ్వుల దగ్గరికొస్తే తుమ్ములొస్తాయని పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా మా గేటు దాటి లోపలికి రాలేదు. గులాబీల మీద ఆశలేని మనిషి నా ఎరుకలో ఆయనొక్కడే.

2. ఇల్లు, ఇంటి సామాను నా కూతురికి చెందాలి. నిరుడు ఒక ఆదివారం ఆమె టేపు పట్టుకుని వెనక మెట్లు కొలుస్తూ కనిపించింది. మొక్కలు పీకేసి కారు షెడ్డు వేయాలని చూస్తోందనుకుని నెల రోజులు ముక్తసరిగా మాట్లాడాను. ఆమె కొలిచింది నాకు ఆసరాగా మెట్ల పక్కన ఇనప కమ్మీ బిగించడానికి. ఇప్పుడు ఆ కమ్మీ పట్టుకునే తోటలోకి దిగుతున్నాను. ఈ సంగతి ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

3. నా భార్య కొమ్మల కత్తెర ఆమె చెల్లెలికి, అంటే నా మరదలికి ఇవ్వాలి. నా భార్య పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసేది. ఇంటికొచ్చి యూనిఫాం మార్చుకోకముందే ఈ కత్తెర అందుకునేది. ఒకసారి దీంతో ఇనప తీగ కోయబోతే బ్లేడు అంచున గంటు పడింది. కొత్తది కొంటానంటే వద్దంది. అప్పటినుంచి ఏ కొమ్మ కోసినా, కోసిన చోట వెంట్రుకంత గీత అడ్డంగా మిగిలేది. కత్తెరను ఆమె గూట్లో పెట్టి తాళం చెవి తనే ఉంచుకునేది. ఇప్పుడది నా దగ్గరుంది.

మరదలు ఆఖరుసారి వచ్చి వెళ్తున్నప్పుడు గేటు దగ్గర ఆపి ఆమె సంచీ విప్పి చూశాను. అక్క చీరలు రెండు, ఒక దువ్వెన ఉన్నాయి. "సంచీ చూస్తే చూశారు బావగారూ, చీరల మడత పాడుచెయ్యకండి" అంది. మళ్ళీ రాలేదు. కత్తెర ఇచ్చేటప్పుడు మందుల షాపాయన ఈ పేరా ఆమెకు చదివి వినిపించాలి. క్షమాపణ అనే మాట నేను వాడలేదని ఆమె అంటుంది. వాడుతున్నాను. క్షమించాలి.

4. వెనకింటి టైలరు కిటికీ సరిగ్గా మా తోట మీదికి ఉంటుంది. ఆ కిటికీ కింద, గోడవార ఒక కుండీ పెట్టి దానికి గుడ్డ కప్పేవాడు. అందుకని గోడను రెండడుగులు పైకి లేపించాను. కుండీలో ఉన్నది మిరప మొక్క అని తర్వాత తెలిసింది. గుడ్డ పిచ్చుకల కోసమట. నా గోడ వచ్చాక ఎండ తగలక మిరప చచ్చింది. పెంచిన రెండడుగులూ పడగొట్టించాలి. ఖర్చు నా ఖాతాలోది.

5. మొక్కల బండితో మా వీధికి వచ్చే నర్సరీ ఆయనకు ఏమీ ఇవ్వడం లేదు. వద్దన్నది ఆయనే. ఇస్తే సాక్షి సంతకం చెల్లదు, సాక్షిగా ఉండడమే తనకు ఇష్టం అన్నాడు. దీని వెనక ఏముందా అని చాలా ఆలోచించాను. ఏమీ కనబడలేదు.

6. ఇక అసలు మొక్క.

పాత ఆసుపత్రిని కూల్చేటప్పుడు చాకిరేవు గది గోడ పక్కన ఒక గులాబీ ఉండేది. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. ఏ కేటలాగులోనూ లేదు. పాలమీగడ రంగు, చేతినిండా రేకులు, మధ్యలో చిన్న ఆకుపచ్చ బొడిపె. నా భార్య తడి గాజుగుడ్డలో ఒక కొమ్మ చుట్టి తెచ్చింది. ఆపరేషను బ్లేడుతో దాని చిగురు కన్ను తీసి, అడవి గులాబీ మొదలుకు అంటు కట్టి, బ్యాండేజీ చుట్టింది. మూడు కడితే ఒకటి బతికింది. దాన్ని నర్సమ్మ అని పిలిచేవాళ్ళం. ఆసుపత్రి స్థలంలో ఇప్పుడు బస్సులు ఆగుతాయి. కాబట్టి నర్సమ్మ ఉన్నది మా ఇంట్లోనే.

నలుగురికీ తలా ఒక కొమ్మ ఇద్దామని నా భార్య అంది. నేను కూడదన్నాను. ఇచ్చిన మర్నాడే ఎవడో తన పేరు పెట్టుకుని బజార్లో అమ్ముతాడన్నాను. ఆమె సరే అంది. ఆ సరేను నేను సరే అనుకున్నాను.

తర్వాత మొక్క మీద కోతలు కనిపించడం మొదలైంది. ఆరు నెలలకొకటి. ఆమెతో చెబితే "గేటుకి మంచి తాళం వేయించండి, ఇన్‌స్పెక్టరు గారూ" అంది. వేయించాను. కోతలు ఆగలేదు. ఆమె పోయాక మొక్క చుట్టూ ఇనప జాలీ కట్టించాను. అప్పుడు ఆగాయి. జాలీ వల్ల ఆగాయనుకున్నాను.

మూడేళ్ళు ఆ మొక్కను ఎవరినీ తాకనివ్వలేదు. నేనూ కత్తెర పెట్టలేదు. ఆమె కోసిన చోట నేను కోయదలచుకోలేదు. అడుగునుంచి పచ్చగా, బలంగా పిలకలు వచ్చాయి. మొక్క కోలుకుంటోందని సంతోషించాను. ఈ ఏడు పూసింది. అయిదు రేకులు. గులాబి రంగు. వాసన లేదు.

ఎవరో మొక్కను మార్చేశారని నర్సరీ ఆయన్ను పిలిపించి, మారుస్తుంటే చూసినట్టు మాట్లాడాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తోశాడు. "ఎవరూ మార్చలేదండీ. అంటు కింద అడవి పిలకలు లేస్తే తీసెయ్యాలి. మీరు మూడేళ్ళు వాటికే నీళ్ళు పోశారు. పైది ఎండిపోయింది" అన్నాడు.

మొక్కను తవ్వించాను. ఎండిన పాత కొమ్మలు కడిగి భూతద్దంతో చూశాను. మొత్తం తొమ్మిది కోతలు. తొమ్మిదింటి మీదా వెంట్రుకంత గీత అడ్డంగా ఉంది.

ఉద్యోగంలో ఏ కొట్లోకి వెళ్ళినా ముందు తూకం రాయిని బోర్లా తిప్పి చూసేవాణ్ణి. మరదలి సంచీ, టైలరు కుండీ, నర్సరీ ఆయన బండి, అన్నీ అలాగే చూశాను. తొమ్మిది కొమ్మలు కోసింది నా భార్య. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెను అడగాల్సిన పని లేదు.

7. అనుమానించిన ముగ్గురినీ మరోసారి అడిగాను. మరదలిని ఫోనులో, మిగతా ఇద్దరినీ ఎదురుగా. నర్సమ్మ మీ దగ్గరుందా అని. ముగ్గురూ లేదన్నారు. ఎదుటి మనిషి నాతో అబద్ధమాడి ఉండాలని కోరుకోవడం నా జన్మలో ఇదే మొదలు.

8. అందువల్ల, తోటలోని మిగతా నలభై గులాబీలు, కుండీలు, పనిముట్లు, ఆమె చేతిరాత నోటుపుస్తకం, నర్సమ్మ బతికి ఎవరి దగ్గరుంటే వారికి చెందాలి. నాకు చెప్పబోమని వారు ఆమెకు ఇచ్చిన మాట నేను పోయిన రోజుతో తీరిపోతుంది. ఒక కొమ్మ నా కూతురికి ఇవ్వాలి. అంతకుమించి షరతు లేదు.

అయితే పాలమీగడ రంగు పువ్వు పట్టుకుని ఎవరైనా రావచ్చు. నిజమైనవారిని ఒక ప్రశ్నతో పట్టుకోవాలి: పువ్వు మధ్యలో ఉన్న బొడిపెను నా భార్య ఏమని పిలిచేది? జవాబు సీలు వేసిన కవరులో ఉంది. ఒక్కటే మాట. మా ఇద్దరికీ తప్ప బయట ఎవరికీ తెలియదు. కొమ్మ ఇచ్చేటప్పుడు ఆమె ఆ మాట కూడా చెప్పే ఉంటుంది. ఆమె సంగతి నాకు తెలుసు. తెలుసని ఇదివరకూ అనుకున్నాను.

పై ఎనిమిది అంశాలూ నా చేత్తో రాసి, చదువుకుని, సరిగా ఉన్నాయని ధ్రువీకరిస్తున్నాను.

సంతకాలకు ముందు చేర్చినది:

ఒకటో సాక్షిగా మందుల షాపాయన పేరు రాసి కొట్టేశాను. కొట్టివేత నాదే. పక్కన పొట్టి సంతకం ఉంది. కారణం ఇది. ఈ ఉదయం ఆయన్ను మొదటిసారి గేటు దాటించి, వరండాలోకి పిలిచి కాగితాలిచ్చాను. మొదటినుంచీ చదివాడు. ఎనిమిదో అంశం రెండుసార్లు చదివి, కలానికి మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఆస్తి వచ్చేవాడు సాక్షి సంతకం పెట్టకూడదు కదండీ" అన్నాడు.

ఏ ఆస్తి అని అడిగాను. తొమ్మిది కొమ్మలూ నా భార్య ఆయనకే ఇచ్చిందట. సెలైన్ సీసాల నీళ్ళలో పెట్టి వేరు తొడిగించాలని చూశారట. ఎనిమిది పోయాయి. ఒకటి బతికింది. షాపు డాబా మీద, అంటు లేకుండా సొంత వేరు మీదే ఉందట. నేను నమ్మలేదు. ప్రశ్న అడిగాను.

"మాత్ర అనేవారు అమ్మగారు. రోజుకొకటి, పరగడుపున, చూస్తే చాలనేవారు" అన్నాడు.

కవరులో ఉన్నది ఆ మాటే. చివరి ముక్క నాకూ తెలియదు.

మరి తుమ్ముల సంగతేమిటని అడిగాను. తనకు తుమ్ములేమీ రావన్నాడు. అలా చెప్పమన్నదీ అమ్మగారేనట. పువ్వులంటే పడనివాణ్ణి మాత్రమే మావారు నమ్ముతారు అందట.

ఒకటో అంశం మార్చడం లేదు. ఆయనే అమలు చేయాలి. పువ్వును నా కళ్ళతో చూసేదాకా పూర్తిగా నమ్మను. రేపు ఉదయం ఏడు గంటలకు వెళ్తున్నాను. ఆ డాబా మెట్లకు కమ్మీ లేదట. నా కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంటానంది. మరదలికి కూడా ఫోను చేశాను. సంచీ తెచ్చుకోమన్నాను.

తేదీ: ఫిబ్రవరి పదకొండు, ఉదయం పది గంటలు
స్థలం: మా ఇంటి వెనక వరండా

(సంతకం) ఆమె భర్త

సాక్షులు:
1. మందుల షాపాయన (కొట్టివేయబడినది). బదులు: మా వీధికి ఉత్తరాలు పంచే పోస్టావిడ
2. నర్సరీ ఆయన