వెనక ఒక్క కిటికీ తెరుచుకునేలా చేయించమని

గుంటూరు నగర ప్రత్యేక బస్సు దారి పథకం అధికారి గారి సముఖమునకు,
నల్లపాడు నివాసి షేక్ షాజాదీ, మిరప తొడిమలు తీసే కూలీ, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొత్త ఏసీ బస్సుల నుండి మిరప పని ఆడవాళ్ళను దించివేయుట – కిటికీ కోరుట – గురించి.

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా:

1. మేము కోల్డ్ స్టోరేజీ షెడ్లలో పొద్దస్తమానం ఎండుమిరపకాయల తొడిమలు తీసి బతుకువారము. ఆ ఘాటు మా చీరలకు, జుట్టుకు పట్టి ఉండును. మాకు తెలియదు, పక్కవారికి తెలియును. పాత సిటీ బస్సులో వెనక సీట్లు మావి. కిటికీలన్నీ తీసి కూర్చునేవాళ్ళం. కండక్టరు అంకమ్మరావు గారు "ఎక్కండమ్మా, మీరెక్కితే నా జలుబు దెబ్బకి వదిలిపోద్ది" అని నవ్వేవారు.

2. తమరు రోడ్డు నడిమధ్య బస్సులకే దారి వేసి, ప్రయోగాత్మకముగా కొత్త బస్సులు నడుపుచున్నారు. సంతోషం. ఆ బస్సుల అద్దాలు తెరుచుకోవు. మొదటిరోజు మేము ఎక్కి తలుపు మూసుకున్న కాసేపటికే బస్సంతా దగ్గు. ఒకాయన "ఏందమ్మా, బస్సులో తాలింపు పెట్టారా?" అని అరిచాడు. డ్రైవరు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ బస్సు ఆపాడు. అందరూ దిగారు. మళ్ళీ అందరూ ఎక్కారు, మేము తప్ప. డ్రైవరును తప్పుపట్టుట లేదు. చూపు ఆనకపోతే ఆయన మాత్రం ఎలా నడుపుతాడు? ఆ రోజు నుంచి మమ్మల్ని చూస్తే తలుపు తీయడం లేదు.

3. పాత బస్సు రద్దు. షేర్ ఆటోలు ఆ రోడ్డెక్కరాదని ఉత్తర్వు. కావున నడచుచున్నాము.

4. స్నానం చేసి ఎక్కమని తమ సిబ్బంది సలహా ఇచ్చినారు. షెడ్డు బయట పంపు ఉన్నది, లారీల వాళ్ళకు ఎదురుగా. అక్కడ చేయమందురా? బురఖా కప్పుకుంటే ఘాటు ఆగునేమోనని నేను నాది వేసుకుని ఎక్కాను. నాతో పనిచేసే సుబ్బరావమ్మ కూడా మా అమ్మాయి బురఖా అడిగి, బొట్టు మీదనే తొడుక్కుని ఎక్కింది. ఇద్దరినీ కలిపే దించారు.

5. ప్రజాభిప్రాయ సభకు రమ్మని మైకులో చెప్పారు. పని మానితే కూలి పోతుంది, అందుకని పని దగ్గర్నుంచే వచ్చాము. హాలులోనూ ఏసీయే. నేను లేచి "అయ్యా, మాకు" అన్నాను. తరువాత జరిగినది తమకు తెలియును. రుమాలు అడ్డం పెట్టుకుని మొదట బయటికి వెళ్ళినది తమరే. "అభ్యంతరములు ఏవియు రాలేదు" అని నివేదికలో రాసినారట. రాలేదా అయ్యా? అంతమంది దగ్గారు కదా!

6. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను. మా అమ్మాయి నజ్మీన్ నాతోనే పనికి వస్తుంది. చంటిపిల్ల తల్లి. పిల్లను పక్కింటి రహమతున్నీసా చూస్తుంది. ఇంటికి రాగానే పిల్ల చేతులు చాస్తుంది, కానీ మిరప చేతులతో ఎత్తుకోకూడదు. తల మీంచి స్నానం చేసి, చేతులకు కొబ్బరినూనె పట్టించి కడుక్కుని, అప్పుడు పాలివ్వాలి. బస్సు ఉన్నప్పుడు ఆ కాస్త ఆలస్యం పిల్ల ఓర్చుకునేది. ఇప్పుడు మేము నడిచి వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి నిద్రపోతోంది. దారిలో నజ్మీన్‌కు పాలు కారి జాకెట్టు తడిసేది. ఇప్పటికీ కొంగు కప్పుకునే నడుస్తుంది. నేను పక్కన నడుస్తాను. తల్లినై ఉండి చేయగలిగింది అదొక్కటే. పని మానమ్మా అనలేను, మా ఇద్దరి కూలి మీదే ఇల్లు.

తమ ఇంజనీరు గారిని అడిగితిని. "కిటికీ పెడితే ఏసీ నిలవదమ్మా, డిజైను పైన ఖరారైపోయింది" అన్నారు. ధర్నా చేద్దామంటే మర్నాడు షెడ్డులో పని ఉండదు. ఇంక ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలియక తమకు రాసుకొనుచున్నాను. బస్సంతా అడగడం లేదు. వెనకవైపు ఒక్క కిటికీ. అది కుదిరే వరకు, మేము ఇంటికి చేరే వేళ ఆటోలనైనా రానివ్వవలెనని ప్రార్థన. పెద్ద మనసుతో చిత్తగించవలెను.

దూరంగా నిలబడి నమస్కరించు,
తమ విధేయురాలు,
షేక్ షాజాదీ

తా.క. రాసినదంతా చదివి వినిపిస్తే నజ్మీన్ "ఆరోది కొట్టేయమ్మా" అంది. పాలు ఇంకిపోయాయట. ఎప్పుడో. నాకు చెప్పలేదు. పిల్ల రహమతున్నీసా ఇంట్లోనే డబ్బా పాలకు అలవాటు పడిందట. కొట్టివేతలుంటే అర్జీ తీసుకునేది లేదని తమ గుమాస్తా గారు ముందే చెప్పారు, మొత్తం మళ్ళీ రాసే ఓపిక నాకు లేదు. ఆరోది లేదనుకుని చదువుకోండి. కిటికీ మాత్రం పెట్టించండి బాబూ, షెడ్డులో చంటిపిల్లల తల్లులు ఇంకా ఉన్నారు.