హీటర్ మీద బుట్ట

డిసెంబర్ 14, మండపేట

పుట్టింట్లో బాలింతగా ఉండడం అంటే జైలే. కాకపోతే తిండి బాగుంటుంది.

ఇవాళ అమ్మతో మళ్లీ గొడవ. పాప పుట్టడమే తక్కువ బరువుతో పుట్టింది, వెచ్చగా ఉంచమని డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. బయట చూస్తే మంచు. ఎదురింటి గేటు కూడా కనపడ్డం లేదు. అమ్మ ఏం చేసింది? అటక మీంచి కుంపటి దింపింది. దాంతోపాటు సాంబ్రాణి బుట్ట. నా చిన్నప్పుడు కుంపటి మీద ఆ బుట్ట బోర్లించి, దానిమీదే నా బట్టలు ఆరేసేదట. తలంటు పోశాక నా జుట్టు కూడా దానిమీదే ఆరబెట్టేదట. మురిసిపోతూ చెప్పింది. తలుపులు మూసిన గదిలో బొగ్గులు పెడితే పసిపిల్ల ఊపిరి ఏమైపోతుందో తెలుసా నీకు అని అరిచాను. నువ్వు అలాగే పెరిగావే అంది. నాకు ఒళ్లు మండింది. వెంటనే కాకినాడ ఫోన్ చేసి మా ఆయన వినయ్ చేత రూమ్ హీటర్ ఆర్డర్ పెట్టించాను.

డిసెంబర్ 18

హీటర్ వచ్చింది. రెండు రాడ్లు, ముందు జాలీ. ఆన్ చేస్తే గది ఎర్రగా అయిపోయింది, పాప కళ్లు ఇంత చేసుకుని చూసింది.

నాన్న కొట్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చి దానికి పెట్టబోయారు. వద్దు నాన్నా, వైరు కాలిపోతుంది అని ఆపాను. ఎలక్ట్రీషియన్ గణేష్‌బాబుని పిలిపించి గోడకి పదిహేను ఆంప్స్ సాకెట్ వేయించాను. మాన్యువల్ మొత్తం చదివి నాన్నకి క్లాస్ పీకాను. మంచానికీ, ఉయ్యాలకీ మూడడుగుల దూరం. దానిమీద ఏ గుడ్డా వెయ్యకూడదు. నిద్రపోయేముందు ఆపెయ్యాలి. కరెంటు పోతే వెంటనే స్విచ్ కట్టెయ్యాలి, లేకపోతే మనం చూడనప్పుడు దానంతటదే వెలుగుతుంది. నాన్న బుద్ధిగా తలూపారు. మళ్లీ ఫోన్లో ఇదంతా వినయ్‌కి కూడా చెప్పాను. మీ బ్యాంకులో ఆడిట్ వాళ్లకి చెప్పినట్టు చెప్తున్నావ్ అని నవ్వాడు.

క్లాస్ అయిపోయాక అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏంటే అది, ఎలా వాడాలి అని అడిగింది. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు అన్నాను.

డిసెంబర్ 22

వీధి చివరి రైస్‌మిల్లు ఊక దుమ్ము రాడ్ల మీద పేరుకుని ఒకటే మాడు వాసన. ప్లగ్ తీసి, చల్లారాక పొడిగుడ్డతో తుడిచాను. కుంపట్లో బూడిద తీసినట్టే ఉందే అంది అమ్మ. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే మళ్లీ కుంపటి దింపుతుందని.

డిసెంబర్ 27

పాపకి ర్యాష్. డైపర్లు ఆపేసి మెత్తటి గుడ్డలు వాడమన్నారు డాక్టరుగారు. అమ్మ మొహం చూడాలి! ఇంటికి రాగానే పాత నేత చీరలు చించుకుని కూర్చుంది.

డిసెంబర్ 30

మబ్బు. గుడ్డలు ఆరవు. దండెం మీద నిన్నటివి కూడా చెమ్మగానే ఉన్నాయి. పాపకి తడిగుడ్డ కట్టమంటావా, ఈ ఇంట్లో ఒక్క పనైనా సవ్యంగా జరుగుతుందా అని అమ్మ మీద ఎగిరాను. అమ్మ గుడ్డలు తీసుకెళ్లి పెనం మీద వేడి చేసి తెచ్చింది.

డిసెంబర్ 31, మధ్యాహ్నం

తల కూడా సరిగా తుడుచుకోలేదు. రాస్తే భయం తగ్గుతుందేమో.

పొద్దున కరెంటు పోయింది. అమ్మ తలంటుకి నీళ్లు కాచి పెట్టింది. పాపని ఉయ్యాల్లో పడుకోబెట్టి బాత్రూంలోకి వెళ్లాను. కుంకుడు రసం కళ్లలో పడి మండుతోంది, ఇంతలో బల్బు వెలిగింది. కాసేపటికి మాడు వాసన. ఆ వెంటనే అమ్మ కేక.

తడి ఒంటికి తువ్వాలు చుట్టుకుని పరిగెత్తాను. గది నిండా పొగ. హీటర్ మీద సాంబ్రాణి బుట్ట బోర్లించి ఉంది, దానిమీద పాప గుడ్డలు భగ్గున మండుతున్నాయి. ఉయ్యాల కొంగు వైపే మంట. అమ్మ ఆ బుట్టని రెండు చేతులతో ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్లి విసిరేసింది. ఉత్త చేతులతో. మళ్లీ లోపలికి పరిగెత్తుకొచ్చింది.

నేను అప్పటికి పాపని లాక్కుని గోడ వారకి చేరాను. పాపకి ఏమీ కాలేదు. ఏమీ కాలేదు. దేవుడా, ఏమీ కాలేదు.

అమ్మ పాపని చూద్దామని దగ్గరికొచ్చింది. నీ చేతుల్లో పెడితే నా పిల్ల బతకదు, ముట్టుకోకు అన్నాను.

అప్పటికి ఆ చేతులు ఎలా ఉన్నాయో నేను చూడలేదు అని రాద్దామనుకున్నాను. చూశాను. చూసే అన్నాను.

నాన్న అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లారు.

జనవరి 2

అమ్మ రెండు చేతులకీ కట్లు. కుడి అరచెయ్యి బాగా లోతుగా కాలిందట. నాన్నే అన్నం కలిపి పెడుతున్నారు.

ఏం జరిగిందో నాన్న చెప్పారు. కరెంటు పోయాక రాడ్లు నల్లబడ్డాయి కదా. అమ్మ ఆగి, చెయ్యి దగ్గరగా పెట్టి మరీ చూసిందట. ఇంక నిప్పు లేదు, మిగిలిన వెచ్చదనానికి గుడ్డలు ఆరతాయనుకుందట. బుట్ట బోర్లించి, గుడ్డలు పరిచి, పాలు దింపడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆరిన కుంపటి మళ్లీ దానంతటదే అంటుకోదు కదండీ అని నాన్నని అడిగిందట, నిజంగానే అర్థం కాక.

నేను పాపకి పాలు పడుతూ నేల చూస్తూ కూర్చున్నాను. కరెంటు పోయినప్పుడు గదిలో ఉన్నది నేను.

జనవరి 3

స్విచ్ నేను కట్టలేదు.

జనవరి 9

వినయ్ వచ్చాడు. అసలు ఎలా అంటుకుంది అని అడిగాడు. అమ్మ బుట్ట పెట్టింది అన్నాను. అక్కడితో ఆగిపోయాను. పక్కగదిలో అమ్మ దగ్గడం వినిపించింది, తలుపు తీసే ఉంది. తర్వాత అల్లుడుగారికి కాఫీ ఇవ్వండి అని నాన్నని పిలిచింది.

ఛీ. ఏం మనిషిని నేను.

జనవరి 21

పాపకి స్నానం పొయ్యడానికి మెర్సీని పెట్టుకున్నాం. ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిందట. బాగానే పోస్తుంది, పాటలు కూడా పాడుతుంది. పాప మాత్రం ఇదివరకు అమ్మ కాళ్ల మీద ఉన్నంత కుదురుగా ఉండదు. స్నానం అయ్యేదాకా అమ్మ గడప అవతల నిలబడి చూస్తుంది. చెవిలో నీళ్లు పడతాయి చూడమ్మా అంటుంది మెర్సీతో. లోపలికి రాదు.

ఫిబ్రవరి 12

కట్లు విప్పేశారు. అయినా అమ్మ పాపని ముట్టుకోవడం లేదు. ఎత్తుకోమ్మా అంటే పప్పు మాడిపోతోంది అంటుంది. స్నానం పొయ్యమంటే మెర్సీ ఉందిగా అంటుంది. ఇవాళ ఇంక ఆగలేకపోయాను. ఒక్క మాటకి ఎన్నాళ్లు సాధిస్తావమ్మా అనేశాను. అమ్మ నా వైపు చూసి, తమలపాకులు కడుక్కుంటూ ఉండిపోయింది.

ఫిబ్రవరి 19

వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ పొయ్యి మీది పాలగిన్నెని ఉత్త చేత్తో దింపుతోంది. పట్టకారు పక్కనే ఉంది. అమ్మా అని అరిచాను. ఉలిక్కిపడి నన్ను చూసింది, తర్వాత చెయ్యి చూసుకుంది. వేళ్లు ఎర్రబడి ఉన్నాయి.

వేడి తెలీడం లేదే అంది. కుడిచేతికి బొత్తిగా తెలీదట. ఎడమచెయ్యీ అంతంతే. నీళ్లలో చెయ్యి పెడితే చల్లవో సలసల కాగేవో తెలీదు, పసిదానికి ఎలా పొయ్యనే అంది. నాన్నకి కూడా చెప్పలేదట. ఇన్నాళ్లూ కోపం అనుకున్నాను. కోపం అయితే ఎంత బాగుండేది.

స్విచ్ సంగతి చెప్పేశాను. ఏడుపులో సగం మాటలు రాలేదు. తెలుసులే అంది. బుట్ట విసిరేసి లోపలికొచ్చి స్విచ్ కట్టింది తనే కదా. మరి ఎందుకు చెప్పలేదు అని అడిగాను. బాలింతవి, ఏడిస్తే పాలు తగ్గిపోతాయి అంది.

చన్నీళ్ల పంపు కింద అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. హాయిగా ఉందా అని అడగబోయి ఆగిపోయాను.

మార్చి 1

వినయ్‌కి ఫోన్లో అంతా చెప్పాను. అత్తయ్యగారికి ఫోన్ ఇవ్వు అన్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. రేపు వచ్చి మమ్మల్ని కాకినాడ తీసుకెళ్తాడు.

మార్చి 2

మెర్సీని రావద్దన్నాను. అమ్మని బతిమాలి, పీట మీద కాళ్లు చాపించి, పాపని కాళ్ల మీద పడుకోబెట్టాను. అమ్మ పోసింది. వేడిగా ఉన్నాయేమో చూడవే అంది, ప్రతి చెంబుకీ.

ప్రతి చెంబుకీ చూశాను.