గంప కింది పాలపిట్ట

అర్ధవీడు,
1936 అక్టోబరు 30.

చిరంజీవి రాజరత్నానికి మీ అమ్మ తల నిమిరి, దీవించి రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ మీ నాయనా, నేనూ, మేకలూ బాగున్నాం. మార్కాపురం బోర్డింగులో నువ్వూ వేళకు తిని, బాగున్నావని తలుస్తాను.

నీ జాబు అందింది. నాయనకు దగ్గు తగ్గిందా అని అడిగావు. దగ్గు తగ్గింది, చుట్ట తగ్గలేదు. నల్లమేక ఈనిందా అన్నావు. ఈనింది, రెండూ పోతులే. "పిట్టలను కాపాడండి" అని నువ్వు చేసిన అట్టబొమ్మకు మొదటి బహుమానం వచ్చిందనీ, దాన్ని కర్నూలు ఎగ్జిబిషనుకు పంపుతున్నారనీ చదివి వినిపిస్తే, మీ నాయన ఆ జాబు పట్టుకుని పల్లెంతా తిరిగి చూపించి వచ్చాడు. తలకిందులుగా పట్టుకున్నాడని నేను చెప్పలేదు.

మీ మాస్టరుగారు తెల్లవారకముందే మిమ్మల్ని చెరువుకు తీసుకుపోయి ఊరికే పిట్టల్ని చూడమంటారని రాశావు. నాకు నవ్వొచ్చింది. నేనూ పొద్దస్తమానం పిట్టల్నే చూస్తున్నాను కదరా, కృష్ణవేణమ్మగారి జొన్నచేలో మంచె మీద నిలబడి. కాకపోతే నా చేతిలో ఒడిసెల ఉంటుంది. చిలకల గుంపు వాలిందంటే రాయి పెట్టి విసరాలి, లేకపోతే కూలి రాదు. నీ బొమ్మలో నన్ను ఏ వైపు నిలబెడతావో నాకు అర్థం కావడం లేదు. పాలపిట్ట పురుగుల్ని తిని చేనుకు మేలు చేస్తుందన్నావు, సరే. చిలకను కూడా కాపాడాలా? మాస్టరుగారిని అడిగి రాయి.

పాలపిట్ట అంటే గుర్తొచ్చింది. మన ఇంట్లో ఇప్పుడొకటి ఉంది. ఎగరలేదు. గంప కింద పెట్టి మిడతలు పట్టి వేస్తున్నాను. దసరానాడు దాన్ని చూస్తే మంచిదని ఊళ్లోవాళ్లు పొలాల వెంట తిరుగుతారు కదా, ఈసారి ఎవరికీ కనబడలేదట. మన ఇంట్లో ఒకటుందని విని, ఏనాడూ మన పల్లె తొక్కని కృష్ణవేణమ్మగారు మన వాకిట్లోకి వచ్చింది.

"సంతోషమ్మా, ఆ గంప రవ్వంత ఎత్తు, చూసి పోతా," అంది.

ఎత్తాను. ఆవిడ చెప్పులు విడిచి, చేతులు జోడించి కళ్లు మూసుకుంది. సరిగ్గా అప్పుడే, ఆదివారం ప్రార్థన చేయించే మన ఉపదేశి ఆశీర్వాదంగారు వచ్చారు.

"ఏందమ్మా ఇది? ఇంట్లో గుడి కట్టినావా?" అన్నారు.

"గుడి కాదు అయ్యగారూ, గంప," అన్నాను.

దీనికేమైందని ఇద్దరూ అడిగారు. గద్ద కొట్టిందన్నాను. "పాపిష్ఠి గద్ద," అంది కృష్ణవేణమ్మగారు. మీ నాయన తల వంచుకుని మేకల దగ్గరకు పోయాడు.

ఇక్కడిదాకా రాసి కలం కింద పెట్టాను, మళ్లీ తీశాను. చెప్పాలో వద్దో తెలియడం లేదు. గద్ద కాదు, రత్నం. మీ నాయనే.

నీ అట్టబొమ్మకు నీలం రంగు దొరకలేదు, అంటించడానికి రాలిపోయిన పాలపిట్ట ఈకలుంటే ఏరి పంపమని ముందటి జాబులో నువ్వు రాశావా, ఆయన కంభం రోడ్డు పొడుగునా తంతి స్తంభాల కింద వెతికాడు. దొరికినవి రెండో మూడో, అవీ చీమలు పట్టినవి. గడువు ముంచుకొస్తోందని పుల్లకు బంక పూసి, మిడతను కట్టి, పిట్టను పట్టాడు. "పిల్లోడు నోరు తెరిచి అడిగినాడు, లేవని ఎట్ల రాసేది? చంపలేదు గదా, మళ్ల మొలుస్తాయిలే," అన్నాడు. ఆయన ఈకలు పీకుతుంటే దాన్ని కదలకుండా పట్టుకున్నది నేను.

బొమ్మ కింద "ఏ పిట్టకూ నొప్పి కలగకుండా రాలిన ఈకలు" అని రాశానన్నావు. ఆ ముక్క మీ నాయనకు చదవలేదు, దాటేశాను. నీ మీద ప్రేమతోనే చేశాం. ఆ సంగతి పిట్టకు తెలియదు కదా. మాస్టరుగారితో చెప్పెయ్యమందామంటే నీ బహుమానం పోతుందేమోనని భయం. నోరు మూసుకోమందామంటే కన్నతల్లినై ఉండి నేనే నీకు అబద్ధం నేర్పినట్టవుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. చదువుకున్నవాడివి, నీకేమైనా తోస్తుందేమో చూడు.

కొత్త ఈకలు పుల్లల్లా పొడుచుకొస్తున్నాయి, కొసల్లో నీలం కనబడుతోంది. క్రిస్మసు సెలవులకు నువ్వు వచ్చేసరికి ఎగరవచ్చు. నిన్న మీ నాయన, "వాడొచ్చినాక వాని చేత్తోనే వదిలిపిద్దాం," అన్నాడు.

"అదేం, నువ్వు వదలకూడదా?" అన్నాను.

"నేను గంపెత్తితే మూలకు నక్కుతాది. నన్ను గుర్తుపట్టింది," అన్నాడు.

నేనెత్తినా అంతే. మిడత మాత్రం తింటుంది, ఆకలి కదా. అది ఇంకా చూడనిది నీ ఒక్కడి ముఖమే. నువ్వొచ్చి గంప ఎత్తు.

ఇట్లు,
ఆ పిట్టను పట్టుకున్న చేత్తోనే ఈ జాబు రాసిన
మీ అమ్మ సంతోషమ్మ.