మిరపతోటలో నీ హెల్మెట్

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్ననే మన మిరపతోట మీద వడగళ్లు పడ్డాయి.

గనిలో పనిచేసే రోజుల్లో సెలవుకొచ్చినప్పుడల్లా అనేవాడివి: "కొండనే పేలుస్తున్నం, మబ్బుదేముందిరా. విమానంల పోయి మందు చల్లితే వడగళ్లు కరిగి వానైతది." నేను నమ్మాను. మొన్న కొంటా ఊళ్లో వ్యవసాయ ఆఫీసరు మీటింగు పెడితే నీ మాటే అడిగాను. ఆయన నవ్వలేదు. "చల్లితే రాళ్లు తగ్గుతయని కొందరంటరు, తగ్గవని కొందరంటరు. పక్కాగ ఎవరూ చెప్పలేరు. అయినా మన దిక్కు విమానం ఎవరు పంపుతరు, భయ్యా?" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం కొండల వైపు నుంచి తెల్లటి మబ్బు కమ్ముకొచ్చింది. నాకేం చెయ్యాలో తోచలేదు. చూరుకు వేలాడుతున్న నీ గని హెల్మెట్ పెట్టుకుని పోయి తోట మధ్యలో నిలబడ్డాను. పావుగంట సేపు నెత్తి మీద టకటకా మోగింది. ఆగాక చూస్తే పండిన కాయలన్నీ బురదలో ఉన్నాయి, చెట్లు మోళ్లుగా మిగిలాయి. వదిన వచ్చి గట్టు మీద కూర్చుంది.

నీ హెల్మెట్ గట్టిదే, అన్నా. తోట మొత్తంలో దెబ్బ తగలనిది నా తల ఒక్కటే.