పడవ తాండూర్‌లో, రిమోట్ వికారాబాద్‌లో

జులై 6, ఆదివారం

మామయ్య ఇవాళ స్కూటీ మీద పడవ తెచ్చాడు.

నిజం పడవ కాదు, నమూనా. రెండు మూరల పొడవు. ఓడరేవుల్లో పెద్ద ఓడలను లాగే టగ్ బోటు ఉంటుంది కదా, అది. ముందు భాగం పగిలింది. లోపల మోటార్ లేదు. పాత సామాన్ల దుకాణంలో దొరికిందట. దీన్ని బాగుచేసి రిమోట్‌తో నడిపిస్తానంటున్నాడు. అత్తయ్య దాన్ని చూసి, నల్లా నీళ్లే రెండు దినాలకోపాలి వస్తున్నయి, దీన్నేడ ఈదిపిస్తవయ్యా అంది.

నేను డైరీ రాయక చాలా కాలమైంది. పడవ కోసం మళ్లీ తెరిచాను. మనుషుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

జులై 9

మోటార్, షాఫ్ట్, రిమోట్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. నా పేరు మీదే. ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

జులై 13, ఆదివారం

క్లినిక్ ల్యాబ్‌లో రోజంతా రక్తం తీసే చెయ్యి నాది. వణకదు. అందుకని వైర్ల సోల్డరింగ్ నా వంతుకు వచ్చింది. మామయ్య నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో మేస్త్రి. పడవ అడుగుభాగం మీద నీళ్లు చల్లి, గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చున్నాడు. బండను రుద్దినట్టే రుద్దుతాడు, అరచేత్తో తడుముతాడు, మళ్లీ రుద్దుతాడు.

కార్తీక్‌తో పెళ్లయి అయిదేళ్లు. ఇన్నాళ్లూ మామయ్యతో నేను మాట్లాడినవి రెండే: తిన్నారా, గేటుకు తాళం వేశారా. ఇవాళ షాఫ్ట్ గొట్టంలో గ్రీజు ఎంత పెట్టాలన్న దాని మీద గంటసేపు కొట్లాడుకున్నాం. నేనే గెలిచాను. సిరంజితో ఎక్కించాను.

ఇంకెవలన్న రిమోట్ నొక్కితే మన పడవ ఉరుకుతదా అని అడిగాడు. ఉరకదు, ఒక రిమోట్‌కు ఒకే పడవ జత, జతకట్టింది తప్ప ఇంకోటి దాన్ని కదిలించలేదు అని చెప్పాను. మస్తుగున్నది అన్నాడు.

కార్తీక్ ఈ వారమూ రాలేదు. హైదరాబాద్‌లో పని ఉందట.

జులై 20, ఆదివారం

లోపలికి నీళ్లొచ్చినా మునగకుండా ముందు భాగంలో థర్మాకోల్ కుక్కాలని వీడియోలో చూశాను. టీవీ డబ్బాలోది విరిచి కుక్కాం. ఇక పగులు పూడ్చాలి. మామయ్య యూనిట్ నుంచి మాస్టిక్ తెచ్చాడు. బండల్లో చిల్లులు, పగుళ్లు పూడ్చే ముద్ద అది. గట్టిపడే మందు కలిపితే కాసేపట్లో రాయి అయిపోతుంది. పడవకు పనికొస్తుందా అన్నాను. ముప్ఫై ఏండ్ల సంది బండలకు గిదే పెడుతున్న బిడ్డా, సుక్క నీళ్లు దిగవు, పడవకేమైతది అన్నాడు. పగులు మీద, లోపల థర్మాకోల్ చుట్టూ కూడా మందంగా పట్టించి, పైన మూత బిగించేశాడు.

ఇల్లంతా అదే వాసన. పప్పు కూడా మాస్టిక్ లెక్కనే ఉన్నదని అత్తయ్య తినకుండా లేచింది.

ఆగస్టు 2, శనివారం, సాయంత్రం

కార్తీక్ వచ్చాడు. మేడ మీదకు పిలిచి చెప్పాడు. ఆఫీసులో ఒకామె ఉందట. రెండేళ్లుగానట. నా తప్పేమీ లేదట. విడిపోదామన్నాడు. అమ్మానాన్నలకు తనే చెప్తాడట, నెలరోజులు ఆగమన్నాడు. అప్పటిదాకా నేను బయటపెట్టకూడదు. సరే అన్నాను.

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. మేము ఎప్పుడో ముగిసిపోయాం, ఇవాళ చెప్పాడంతే. కిందకి దిగేటప్పుడు వరండాలో పడవ కనిపించింది. దీనికి ఇంకా రంగు వేయలేదు.

ఆగస్టు 10, ఆదివారం

కోట్‌పల్లి. చెరువు నిండుగా ఉంది. పడవను గోనె సంచిలో పెట్టి, స్కూటీ మీద నేను ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. ఎర్ర రంగు వేశాం, నల్ల పట్టీతో.

మామయ్యే నీళ్లలో పెట్టాడు. తేలింది. కొంచెం కూడా వంగలేదు. రిమోట్ ఆయనకే ఇచ్చాను. అవతలికి పోతున్నంతసేపు బాగానే నడిపాడు. తిరిగి మన వైపు వస్తున్నప్పుడు ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. అక్కడ పరేషాన్ అయిపోయాడు. పడవ గుండ్రంగా తిరిగి తిరిగి గడ్డిలోకి దూరింది. రిమోట్ నా చేతిలో పెట్టేసి, నడిపేది నువ్వు, పడవను సూసుకునేది నేను అన్నాడు. అలాగే పంచుకున్నాం.

ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తు లేదు. అందుకే భయంగా ఉంది. కార్తీక్ పోతే పోనీ. ఈ ఆదివారాలు కూడా పోతాయి. మాజీ కోడలు మామతో పడవ నడుపుతుందని ఎక్కడా వినలేదు.

ఆగస్టు 24, ఆదివారం

మునిగింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు కయాక్‌లో పక్కనుంచి పోయారు. అల వచ్చి వెనక నుంచి లోపలికి కొట్టింది. ముందు భాగంలో థర్మాకోల్ ఉంది కదా, ముక్కు అయినా పైకి తేలాలి. తేలలేదు. ముక్కే ముందు మునిగింది. మామయ్యకు ఈత రాదు. ప్యాంటు మడవకుండానే దిగాడు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. వద్దు మామా, పోతే పోయింది అని అరిచాను. వినలేదు. కాళ్లతో వెతికి పట్టుకొచ్చాడు.

గట్టు మీద మూత విప్పి చూస్తే థర్మాకోల్ లేదు. అడుగున తెల్లగా, బంకగా ఏదో అంటుకుని ఉంది. ఫోన్‌లో వెతికాను. మాస్టిక్ తగిలితే థర్మాకోల్ కర్పూరంలా కరిగిపోతుందట. బిగించిన రోజే కరిగిపోయి ఉంటుంది. లోపల ఏమీ లేని పడవను ఇన్ని రోజులు ధీమాగా నడిపాం.

మామయ్య చదివించుకుని విన్నాడు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. గీ ముచ్చట యూనిట్‌ల తెలిస్తే నా ఇజ్జత్ పోతది, ఎవ్వలికి చెప్పకు బిడ్డా అన్నాడు. చెప్పనన్నాను. ఈ ఇంట్లో నేను ఎవరికీ చెప్పకూడనివి రెండయ్యాయి.

దారంతా రెండోది చెప్పేద్దామనుకున్నాను. ఆయన తడి చొక్కా గాలికి కొట్టుకుంటోంది. చెప్పలేదు.

ఆగస్టు 31, ఆదివారం

కార్తీక్ చెప్పేశాడు. అత్తయ్య ఏడ్చింది, వాణ్ణి తిట్టింది, నన్నూ తిట్టింది. మామయ్య నన్ను ఒక్కటే అడిగాడు, నీకెప్పటి సంది ఎరుక అని. చెప్పాను. కోట్‌పల్లికి పోయినప్పుడు గూడ ఎరికేనా అన్నాడు. అవునన్నాను. లేచి యూనిట్‌కు పోయాడు. ఆదివారం యూనిట్ మూసి ఉంటుంది.

సెప్టెంబర్ 4

వికారాబాద్. అమ్మ దగ్గర. బట్టల సూట్‌కేసు తప్ప ఏమీ తెచ్చుకోలేదు.

సెప్టెంబర్ 21

నీకేం యాదికొస్తుందే అని అమ్మ అడిగింది. పడవ అన్నాను. నమ్మలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

పంచాయితీ అయింది. బీరప్ప పెద్దమనిషిగా కూర్చున్నాడు. మా వాళ్లు పెట్టిన సామాను వెనక్కి ఇవ్వాలి, అది రివాజు. బీరువా, మంచం, వాషింగ్ మెషిన్, గిన్నెలు. ఒక్కొక్క పేరు చదువుతుంటే అమ్మ తల ఊపుతోంది. ఇంకేమన్న ఉన్నదా అమ్మా అని బీరప్ప అడిగాడు. పడవ ఉంది అన్నాను.

అందరూ నా మొహం చూశారు. కార్తీక్ మాత్రం, గా బొమ్మనా, తీస్కపోనీ అన్నాడు. అప్పటిదాకా తల ఎత్తని మామయ్య తల ఎత్తాడు. పడవ నేనియ్య అన్నాడు.

బీరప్ప నవ్వాడు. ఎవరు ఏం కొన్నారో అడిగి తీర్పు చెప్పాడు: పడవ డొక్క మామ అనంతయ్యది, మోటారు, రిమోటు పిల్లవి. పంపిస్త అన్నాడు మామయ్య. నా వైపు చూడలేదు.

ఆటోలో ఏడ్చాను. పెళ్లి పోయినందుకు రాని ఏడుపు ఇవాళ వచ్చింది. అమ్మ కార్తీక్ కోసం అనుకుని, వాని ఫికర్ ఇడిసిపెట్టు బిడ్డా అంది. నాకు కోపమంతా మామయ్య మీదే. ఆ రోజు దాచినందుకు కక్ష పెట్టుకున్నాడు. నేను అడిగిందే ఒక్కటి.

అక్టోబర్ 18, శనివారం

సామాను వ్యాన్‌లో వచ్చింది. అన్నీ ఉన్నాయి. చివర్లో చిన్న అట్టపెట్టె. లోపల థర్మాకోల్ మధ్య రిమోట్. మోటార్ లేదు, మిగతావేవీ లేవు. పెట్టె అడుగు దాకా వెతికాను, చీటీ కూడా లేదు. పడవ లేకుండా ఇదేం చేసుకోను? పారేయమంది అమ్మ. బీరువాలో పెట్టాను.

అక్టోబర్ 26, ఆదివారం

ఆ మనిషి లోడులో ఒక్క బండ తక్కువ పంపడు. మరిచిపోయాడంటే నేను నమ్మను.

ఈ రిమోట్ ఆ పడవను తప్ప దేన్నీ కదిలించదు. ఆ పడవ ఈ రిమోట్‌కు తప్ప కదలదు. ఈ సంగతి ఆయనకు చెప్పింది నేనే. ఇవాళ సాయంత్రం దాకా తట్టలేదు నాకు ఇది.

నవంబర్ 2, ఆదివారం

పొద్దుటి బస్సుకే కోట్‌పల్లి వెళ్లాను. గట్టు మీద ఉన్నాడు. పక్కన గోనె సంచి.

మోటార్ నాది, పంపలేదేం మామా అన్నాను. గీడనే విప్పియ్యమంటవా అన్నాడు. వద్దన్నాను.

వచ్చి ఎంతసేపైందని అడిగాను. పోయినాయితారం గూడ వచ్చిన, దాని ముంగటాయితారం గూడ వచ్చిన అన్నాడు.

పడవను నీళ్లలో పెట్టాడు. నేను స్విచ్ వేశాను. చుక్కాని కదిలింది.