గుడ్డ పెట్టినవాడే తీయాలి

ప్రియమైన అక్కకు,

నాన్న బండి ఆయిల్ ట్యాంకు పంపుతున్నాను. అడుగున రెండంగుళాల పగులుంది, వెల్డింగు చేశాను. లోపల ఇరవై ఏళ్ల మడ్డి. కిరసనాయిలు పోసి, గుప్పెడు గులకరాళ్లు వేసి, భుజాలు పడిపోయేదాకా ఊపి కడిగాను. తర్వాత నీళ్లు నింపి రోజంతా కాగితం మీద పెట్టాను. చుక్క కారలేదు.

పైపులు కొత్తవి వెయ్యి. కిక్కు కొట్టగానే మూత తీసి లోపలికి చూడు. ఇంజన్‌లోకి వెళ్లిన ఆయిల్ తిరిగొచ్చి ట్యాంకులో పడుతుండాలి. నిమిషంలోపు పడకపోతే ఆపెయ్యి, లేదంటే ఇంజన్ మాడిపోతుంది.

నాన్న కుడి చెవి పోయిందనీ, ఎడమది ఈ ఏడాది దాటదని డాక్టరు చెప్పాడనీ రాశావు. ఆ చెవి ఉండగానే ఆయన తన బండి చప్పుడు వినాలి. నాకు కావలసింది అదొక్కటే. కానీ బండి మీద చెయ్యి మాత్రం వెయ్యనివ్వకు. టీ గ్లాసే పట్టుకోలేని చేతులు స్పానర్ ఏం పడతాయి? కుర్చీ వేసి కూర్చోబెట్టు, చాలు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను, మురిసిపోకు.

శనివారం సాయంత్రం ట్యాంకు బిగించాను. ఆదివారం పొద్దున బజారుకెళ్లి ఆయిల్ తెచ్చి పోశాను. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టాను, ఎడమ చెవి బండి వైపు. నాలుగో కిక్కుకి ఇంజన్ అందుకుంది. నాన్న లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఆనందం పట్టలేకపోతున్నాడనుకుని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూత తీసి చూశాను. ఆయిల్ తిరిగి రావడం లేదు! నలభై లెక్కపెట్టి ఆపేశాను.

కింది పైపు ఊడదీస్తే, నీ ట్యాంకు నోట్లో గుడ్డ! నల్లగా, నూనె పీల్చుకుని, బిరడాలాగా. గులకరాళ్లతో కడిగాడట, కాగితం మీద పెట్టాడట, గుడ్డ తీయడం మాత్రం మరిచాడట! తెరిచిన ప్రతి కన్నానికీ దుమ్ము పోకుండా గుడ్డ పెట్టాలి, గుడ్డ తోక బయటకుండాలి, పెట్టినవాడే తీయాలి. నాన్న షెడ్డులో మనకు అక్షరాలకన్నా ముందు వచ్చిన పాఠం ఇది. అంత మర్యాద కూడా మరిచిపోయావా? ఇంకో నిమిషం తిరిగుంటే నాన్నకు మిగిలేది ఇనుప ముద్ద.

నీ అక్క

*

అక్కకు,

ప్రియమైన అని నేను రాయడం లేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. ఆ నోటికి పైపు తొడిగింది ఎవరు? నువ్వు. అప్పుడు గుడ్డ కనిపించలేదా? కళ్లు ఎవరికైనా అరువిచ్చావా? వెల్డింగు చేసేచోట గుడ్డ పెడితే నిప్పంటుకుంటుందని చిన్నపిల్లనడిగినా చెబుతుంది. నా షాపులో ఉన్నవి ప్లాస్టిక్ మూతలు. పంపే ముందు ఆ కన్నంలో నా వేలు పెట్టి చూశాను, గోరు కూడా గీసుకుంది.

నెల రోజులు నా పనులు పక్కనపెట్టి చేసినందుకు మంచి బహుమానం ఇచ్చావు. ఆ గుడ్డ పోస్టులో పంపు. ఎవరిదో నేనే చెబుతాను.

ఇంతకీ నాన్న విన్నాడా లేదా? రెండు పేజీలు నన్ను తిట్టావు, ఆ ఒక్క ముక్క రాయలేదు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఈసారి అలవాటు కొద్దీ రాయలేదు.

గుడ్డ పంపడం లేదు. నీ ఉత్తరం చదివి, దాన్ని కిరసనాయిల్లో ఉతికాను. నలుపు పోయి నీలం గళ్లు తేలాయి. తల తిప్పి చూస్తే నాన్న భుజం మీద తువ్వాలు, అదే నీలం గళ్లు, ఒక మూల లేదు.

అడిగాను. సిగ్గుపడతాడనుకున్నానా, నా మీద నిప్పులు చెరిగాడు.

"వాడి ఉత్తరం నేనూ చదివానే! టీ గ్లాసు పట్టుకోలేని చేతులా ఇవి? నువ్వు బజారుకెళ్లొచ్చేలోగా పైపు క్లిప్పు విప్పిందీ ఈ చేతులే, గుడ్డ పెట్టి మళ్లీ బిగించిందీ ఈ చేతులే. నీకు తెలిసిందా? నా బండికి వాడు వెల్డింగు చేస్తాడు, నువ్వు బిగిస్తావు, నేను కుర్చీలో కూర్చుని వినాలి! చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా?"

ఇంజన్ మాడిపోయి ఉండేది కదా నాన్నా అన్నాను.

"తోక బయటే ఉంచాను. కిక్కు కొట్టే ముందు చుట్టూ చూసుకున్నావా అని అడిగాను. ఏమన్నావు?"

చూశాలే, కూర్చో అన్నాను రా. చూడలేదు. తోక క్లిప్పు కింద రెండు వేళ్ల పొడవున, నా కాలి పక్కనే వేలాడిందట. ఆయన చేతులూపింది ఆనందంతో కాదు, ఆపమని. ఇంజన్ తిరిగిన ఆ కాసేపట్లో ఒక్క చప్పుడూ వినలేదట, అరవడంతోనే సరిపోయిందట. అదీ నీ ప్రశ్నకు జవాబు. నిన్ను అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తిలాపాపం తలా పిడికెడు. చెయ్యి వెయ్యనివ్వకు అని రాసింది నువ్వు, సరేనన్నది నేను. ఆయన్ని ఒక్కమాట అడిగిందెవరు?

ఇంజన్‌కేం కాలేదు. ఆయనే చేత్తో తిప్పి చూసి చెప్పాడు. తర్వాత నా చేత ఆయిల్ దింపించి, నా కళ్లముందే ఆ గుడ్డ తీసుకెళ్లి మళ్లీ ట్యాంకు నోట్లో పెట్టాడు. చేతులు వణికాయి. మూడుసార్లు జారింది. నేను సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేశాడు. నాలుగోసారి పెట్టాడు, తోక బయటకు లాగి నాకు చూపించాడు.

ఇప్పుడు దాన్ని ముట్టుకునే హక్కు మనకెవరికీ లేదు. తియ్యి నాన్నా అని నేను అడిగాను. "నువ్వడిగావు, సరే. రాసినవాడు ఏడీ?" అన్నాడు.

శనివారానికల్లా రా. వచ్చి అడుగు. ఎడమ వైపు నిలబడి అడుగు, కుడి వైపు నుంచి ఎంత బతిమాలినా వినపడదు.

నీ అక్క